ఎయిర్ కూల్డ్ 911లో ఆయిల్ వేడెక్కుతోందా? ఇంజిన్ దించే ముందు ఇవి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బండి 1982 పోర్షే 911 ఎస్సీ, యూరప్ ఇంజిన్. మీ పెదనాన్నగారు విదేశం నుంచి తెచ్చుకున్నది. మైపాడు దారిలో తోట షెడ్డులో ఆరేళ్లు కదలకుండా ఉంది. బ్యాటరీ వేసి, పెట్రోల్, ఆయిల్ మార్చి మొన్న రోడ్డెక్కించావు. నెల్లూరు ఊళ్లో తిరిగినంతసేపు ఏ గొడవా లేదు. మే నెల ఎండలో ఒంగోలుకి బయల్దేరితే ముసునూరు టోల్ గేటు దగ్గరికే ఆయిల్ టెంపరేచర్ ముల్లు సగం దాటింది, సింగరాయకొండ వచ్చేసరికి ఎర్ర గీతకు ఆనింది. బండి పక్కన ఆపేశావు, మంచి పని చేశావు. గ్యారేజీలో చూపిస్తే రింగులు పోయాయి, ఇంజిన్ దించి బోరు చేయాలన్నారు. ఎస్టిమేట్ చూసిన దగ్గర్నుంచి నిద్ర లేదంటున్నావు.

ఇంజిన్ దించొద్దు. కనీసం ఇప్పుడే దించొద్దు.

రింగులు పోయిన ఇంజిన్ ఊరికే ఉండదు. నీలం పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, పికప్ తగ్గుతుంది. నువ్వు ఇవేవీ రాయలేదు. పైగా పొద్దున్నే ఒక్క సెల్ఫుకే అందుకుంటోందని రాశావు. ఇంకో మాట. ఈ ఇంజిన్ సిలిండర్లు అల్యూమినియంవి, లోపలి గోడ నికాసిల్ గానీ అల్యుసిల్ గానీ, అంటే అరగకుండా ప్రత్యేకంగా గట్టిపరిచిన గోడ. లారీ ఇంజిన్‌కి చేసినట్టు బోరు కొట్టి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసే రకం కాదు. బోరు చేద్దామన్న మనిషి ఈ ఇంజిన్ లోపల ఎప్పుడూ చూడలేదని అర్థం. ఆయన మంచి మెకానిక్కే అయ్యుండొచ్చు, ఈ బండికి మాత్రం కాదు.

నేను ముప్పై ఏళ్ల పైనుంచి ఎయిర్ కూల్డ్ బండ్ల మీదే ఉన్నాను. షోలవరం రన్‌వే మీద ఇంకా రేసులు జరిగే రోజుల్లో మద్రాసు వెళ్లి పని నేర్చుకున్నాను. బీటిల్స్ ఎక్కువ, 911లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇన్నేళ్లలో ఆయిల్ వేడెక్కుతోందని వచ్చిన బండ్లలో నిజంగా ఇంజిన్ లోపలి జబ్బు ఉన్నవి చాలా తక్కువ. మిగతా అన్నిట్లో ఆయిల్ వెళ్లే దారిలోనో, గాలి వెళ్లే దారిలోనో అడ్డం ఉండేది. కాకపోతే ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, తప్పి ఉండేది. అందుకే ముందు ఆయిల్ ఎటు పోయి ఎటు వస్తుందో నీకు తెలియాలి. అది తెలిస్తే సగం పని నువ్వే చేసుకుంటావు.

ఈ బండికి ఇంజిన్ వెనక ఉంటుంది, రేడియేటర్ నీళ్లు ఉండవు. పేరుకు ఎయిర్ కూల్డ్ గానీ, ఫ్యాన్ గాలితో పాటు ఆయిల్ కూడా చల్లబరిచే పని చాలా చేస్తుంది. మామూలు కారులో నాలుగు లీటర్ల ఆయిల్ ఉంటే దీనిలో పదమూడు లీటర్ల దాకా ఉంటుంది. అది ఇంజిన్ కింద గిన్నెలో ఉండదు. కుడివైపు వెనక చక్రం వెనకాల మడ్‌గార్డు లోపల విడిగా ట్యాంకు ఉంది. ట్యాంకు నుంచి ఒక పంపు ఆయిల్‌ని ఇంజిన్‌లోకి నెడుతుంది. ఇంజిన్ కింద చేరిన ఆయిల్‌ని రెండో పంపు తోడి మళ్లీ ట్యాంకుకి పంపుతుంది. ఇంజిన్‌లోకి వెళ్లే ఆయిల్ కోసం ఇంజిన్ మీదే ఒక కూలర్ ఉంది, దానికి ఫ్యాన్ గాలి తగులుతుంది. తిరిగొచ్చే ఆయిల్ కోసం బండి ముందు, కుడి హెడ్‌లైటు కింద ఇంకో కూలర్ ఉంది. అక్కడికి వెళ్లే పైపులు కుడివైపు డోరు కింద గుమ్మం పొడవునా బాడీకి ఆనుకుని నడుస్తాయి. ఆయిల్ ముందుకి వెళ్లాలా, అక్కర్లేదా అని నిర్ణయించేది కుడి వెనక చక్రానికి ముందున్న థర్మోస్టాట్. సుమారు 83 నుంచి 87 డిగ్రీల మధ్య అది తెరుచుకుంటుంది. ఇంజిన్ మీది కూలర్‌కి వేరే చిన్న థర్మోస్టాట్ ఉంది, అదీ ఆ వేడికే తెరుచుకుంటుంది.

ఇప్పుడు నీ బండి సంగతి. ఊళ్లో బాగుంది, హైవే మీదే వేడెక్కింది అంటున్నావు. మాగుంట లేఅవుట్ నుంచి వేదాయపాళెం దాకా తిరిగి ఇంటికొస్తే అది పది కిలోమీటర్లు కూడా కాదు. పదమూడు లీటర్ల ఆయిల్ పూర్తిగా కాగడానికి అరగంట కావాలి. ఊళ్లో ఆ బండి అసలు కాగనే లేదు. కాబట్టి ఊళ్లో బాగుందన్న మాట పక్కన పెట్టు. హైవే మీద వంద స్పీడులో ముందు నుంచి గాలి బాగా కొడుతున్నా ముల్లు ఎక్కడా ఆగకుండా ఎక్కుతూనే పోయింది చూడు, అదీ అసలు సమాచారం. ముందు కూలర్ పనిచేస్తూ ఉంటే ముల్లు ఎక్కడో ఒకచోట నిలబడుతుంది. ఎండాకాలం కాబట్టి కాస్త పైన నిలబడుతుంది, అంతే. నిలబడకుండా ఎక్కిందంటే నా అనుమానం ముందు కూలర్ దారి మీదే.

అయినా అనుమానంతో స్పానర్ పట్టుకోకూడదు. ముందు మీటరు నిజం చెబుతోందా లేదా చూడు, పది నిమిషాల పని. ఇంజిన్‌లో ఉన్న సెన్సార్ వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గే రకం. దాని వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ముల్లు నేరుగా చివరికి పోతుంది. స్విచ్ ఆన్ చేసి సెన్సార్ దగ్గర వైరు పీకితే ముల్లు కింద పడిపోవాలి, వైరుని ఎర్తుకి తాకిస్తే చివరికి పోవాలి. ఆ తర్వాత ఇంజిన్ వేడిగా నడుస్తుండగా హెడ్‌లైట్లు వెయ్యి. లైట్లు వేసిన క్షణంలో ముల్లు గీత మందం పైకి లేచినా సరే, అది వేడి కాదు. డాష్‌బోర్డు వెనక ఎర్తు వదులైంది. ఆయిల్ క్షణంలో వేడెక్కదు. ఆరేళ్లు సముద్రపు గాలిలో నిలబడిన బండికి ఎర్తు కనెక్షన్లు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి. అన్నీ విప్పి గీకి బిగించు, ఎలాగూ చేయాల్సిన పనే.

మీటరుతో పోల్చడానికి ఇంకో కొలత కావాలి. ఎలక్ట్రికల్ షాపులో టెంపరేచర్ ప్రోబ్ ఉన్న మల్టీమీటరు దొరుకుతుంది. ఆ తీగని ఆయిల్ ట్యాంకు మూత తీసి లోపలికి వదులు. ట్యాంకులోది కూలర్ దాటి వచ్చిన ఆయిల్ కాబట్టి ఇంజిన్ దగ్గర కంటే కాస్త తక్కువ చూపించొచ్చు. మరీ ముప్పై, నలభై డిగ్రీల తేడా ఉందంటే మీటరు తప్పు. లేజర్ థర్మామీటర్ కూడా కొనుక్కో, దాంతోనే అసలు పని. ఒక జాగ్రత్త ఉంది. తళతళలాడే ఇత్తడి, అల్యూమినియం మీద అది తప్పు చూపిస్తుంది. కొలిచే ప్రతి చోటా అంగుళం నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి టేపు మీద కొలువు.

మీటరు నిజమే అని తేలింది అనుకుందాం. తర్వాత ఆయిల్ ఎంత ఉందో చూడాలి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఈ బండికి ఆయిల్ లెవెల్ చూడాల్సింది ఇంజిన్ బాగా కాగాక, సమంగా ఉన్న నేల మీద, ఇంజిన్ నడుస్తుండగానే. పొద్దున్నే ఆపిన బండికి గేజి కర్ర తీసి చూస్తే ఏమీ లేనట్టు కనపడుతుంది. అది చూసి రెండు, మూడు లీటర్లు పోసేస్తారు. నీ బండికి ఆయిల్ మార్చిన వాళ్లు కర్ర ఎప్పుడు చూశారో అడుగు. ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది, ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది, నురగ కట్టిన ఆయిల్ వేడిని మోయలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పు. లోపల ఆయిల్ తడి ఉంటే ఎక్కువ పోశారని రుజువు. ఆయిల్ మటుకు 20డబ్ల్యు50 అనే చిక్కటి రకం వాడు, మన ఎండకి అదే సరిపోతుంది.

ఇక ముందు కూలర్. ఇక్కడ తొందరపడొద్దు.

బండిని హైవే మీద కనీసం నలభై నిమిషాలు నడుపు. పొద్దున ఆరింటికి వెళ్లు, ఎండ ఎక్కకముందే. ఆయిల్ 95 దాటాక పక్కకి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ నడుస్తుండగానే స్టీరింగ్ ఎడమకి తిప్పి కుడి ముందు చక్రం సందులోకి వెలుతురు వెయ్యి. ఆపిన నిమిషంలోపు కొలవాలి, ఆలస్యమైతే గాలి లేక అంతా ఒకే వేడికి వచ్చేస్తుంది. కూలర్‌కి రెండు పైపులు ఉంటాయి, ఒకటి వచ్చేది, ఒకటి పోయేది. ముందే టేపు అంటించి పెట్టుకో. వచ్చేది 95, పోయేది 80 చూపిస్తే కూలర్ తన పని చేస్తోంది, నా అనుమానం తప్పు, వేరే దారి వెతకాలి. రెండూ ఇంచుమించు ఒకే వేడిలో ఉంటే ఆయిల్ వస్తోంది గానీ కూలర్‌కి గాలి తగలడం లేదు. రెండూ చల్లగా, అంటే బయటి ఎండకి ఎంత ఉండాలో అంతే ఉంటే, ఆయిల్ అక్కడి దాకా రావడమే లేదు.

నీ బండి సంగతి చూస్తే మూడోదే అనిపిస్తోంది. కదలకుండా నిలబడిన బండ్లలో థర్మోస్టాట్ మూసుకుపోయిన చోటే బిగుసుకుపోతుంది. అది మూసే ఉంటే ఆయిల్ ముందుకి వెళ్లకుండా వెనకనుంచే ట్యాంకుకి పోతుంది. చలికాలంలో ఊళ్లో తిరిగితే నీకు తెలియను కూడా తెలియదు, మే నెల హైవే మీద బయటపడుతుంది.

థర్మోస్టాట్ దగ్గరా ఇలాగే కొలువు. ఇంజిన్ నుంచి వచ్చే పైపు 100 ఉండి, ముందుకి పోయే పైపు 50 ఉంటే తెరుచుకోలేదు. ముందుకి పోయే పైపు కూడా అక్కడ వేడిగానే ఉండి, గుమ్మం కింద మధ్యలో ఎక్కడో చల్లబడిపోతే ఆ మధ్యలోనే అడ్డం ఉంది.

ఆ అడ్డం గురించి ఒకటి చెప్పాలి. మద్రాసులో నేను పనిచేసిన చోటికి వెండి రంగు 911 ఒకటి వచ్చింది. అంతకుముందు వేరే చోట రెండుసార్లు ఇంజిన్ విప్పారు. రింగులు మార్చారు, వాల్వు గైడ్లు మార్చారు, వేడి తగ్గలేదు. ఆ ఓనరు అమ్మేద్దామన్న నిర్ణయానికి వచ్చి చివరిసారిగా మా దగ్గర వదిలాడు. నాకప్పుడు పాతికేళ్లు కూడా లేవు. లిఫ్టు ఖాళీ లేక, గోనెసంచి పరుచుకుని కిందకి దూరి కుడి గుమ్మం కింద రేకు విప్పాను. ఆయిల్ పైపు మీద చెయ్యి జరుపుకుంటూ పోతుంటే, డోరు మధ్యలోకి వచ్చేసరికి గుండ్రంగా ఉన్న పైపు చేతికి పలకలా తగిలింది. టార్చి వేసి చూశాను. నాలుగు అంగుళాల పొడవున పైపు చపాతీ పిండిలా నొక్కుకుపోయింది, దాని మీద జాకీ తల అచ్చు అలాగే ఉంది. ఎవరో టైరు మార్చడానికి జాకీ పెట్టాల్సిన చోట పెట్టకుండా గుమ్మం కింద పెట్టి ఎత్తారు. ఒక పైపు మార్చాం. బండి మీనంబాక్కం దాకా పోయి వచ్చింది, ముల్లు 90 దగ్గర నిలబడి కదల్లేదు. ఆ ఓనరు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండుసార్లు ఇంజిన్ విప్పిన ఖర్చుతో అలాంటివి ఎన్ని పైపులు వచ్చేవో.

అందుకే పంక్చర్ షాపులో కూడా నువ్వు పక్కన నిలబడి జాకీ ఎక్కడ పెడుతున్నాడో చూడు.

థర్మోస్టాట్ విప్పాలంటే ఓపిక కావాలి. దాని ఒళ్లు అల్యూమినియం, పైపు నట్టు వేరే లోహం. ఇన్నేళ్లకు రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. పెద్ద స్పానరు వేసి ఊపితే థర్మోస్టాట్ థ్రెడ్డే ఊడి వచ్చేస్తుంది. రెండు రోజుల ముందు నుంచి పూటకోసారి తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండు. విప్పేటప్పుడు ఒక స్పానరుతో థర్మోస్టాట్‌ని కదలకుండా పట్టుకుని రెండోదానితో నట్టు తిప్పాలి. అప్పటికీ రాకపోతే నట్టునే కోసెయ్యి. పైపు చివర కొత్త నట్టు వేయించుకోవచ్చు, థర్మోస్టాట్ థ్రెడ్డు పోతే ఆ పార్టు మళ్లీ తెప్పించుకోవడం చాలా కష్టం, ఖరీదూ ఎక్కువ.

విప్పాక ఇంట్లో స్టవ్ మీద పరీక్ష చెయ్యొచ్చు. పాత గిన్నె ఒకటి తీసుకో, వంటకి మళ్లీ వాడకు. నీళ్లలో థర్మోస్టాట్‌ని తీగతో వేలాడదియ్యి, గిన్నె అడుగుకి తగలకూడదు. పక్కనే మల్టీమీటరు ప్రోబ్ వేలాడదియ్యి. సన్నటి మంట మీద కాచుతూ ఉండు. 80 దాటాక లోపలి పిస్టన్ మెల్లగా కదలాలి. నీళ్లు మరిగినా కదలకపోతే దొంగ దొరికినట్టే. కొన్నిసార్లు మరుగుతున్న నీళ్లలో పది నిమిషాలు ఉంటే ఒక్కసారి టక్కుమని తెరుచుకుంటుంది. అలా తెరుచుకుందని సంతోషపడి మళ్లీ బిగించొద్దు, మళ్లీ పట్టేస్తుంది. చిన్న థర్మోస్టాట్ని కూడా ఇలాగే చూడు. అసలు థర్మోస్టాట్ తీసి పారేస్తే చల్లగా ఉంటుందని కొందరు చెబుతారు, వినకు. ఇంజిన్ మీది థర్మోస్టాట్ తెరుచుకుంటేనే దగ్గరి దారి మూసుకుని ఆయిల్ కూలర్‌లోకి పోతుంది. అది లేకపోతే ఆయిల్ తేలికైన దగ్గరి దారినే పోయి కూలర్‌ని వదిలేస్తుంది.

ముందు పైపులు రెండూ వేడిగా ఉన్నాయనుకో, అప్పుడు గాలి సంగతి. తోటలో సరుగుడు చెట్లున్నాయా? మన సముద్రపు ఒడ్డున ఆ చెట్టు లేని చోటేది. సరుగుడు ఆకు సూదిలా సన్నగా ఉంటుంది, దూరని సందు ఉండదు. కూలర్ గొట్టాల మధ్య పడిన ఆకు మీద దుమ్ము, దాని మీద వానకి బురద, మళ్లీ ఆకు. చివరికి పిచుకగూడులా తయారవుతుంది. నేను ఒకసారి అలాంటిది స్క్రూ డ్రైవర్‌తో తవ్వితే దోసెడు వచ్చింది. ప్రెషర్ వాటర్ దూరం నుంచి కొట్టాలి, దగ్గర్నుంచి కొడితే రేకులు వంగిపోతాయి. నీ బండికి ముందువైపు ఎలాంటి కూలర్ ఉందో కూడా చూడు. పాత వాటికి ఊరికే వంచిన గొట్టం ఉండేది, తర్వాత ఇత్తడి గొట్టాల కూలర్ వచ్చింది, ఎస్సీ తర్వాత వచ్చిన 3.2 కరేరాల్లో చివరివాటికి రేడియేటర్‌లాంటి కూలర్, దానికి కరెంటు ఫ్యాను కూడా ఉన్నాయి. నీ దానికి వంచిన గొట్టమే ఉంటే మన ఎండలకి మంచి కూలర్ వేసుకోవడం తప్పు కాదు. ఉన్నది సరిగ్గా పనిచేయించాకే ఆ ఆలోచన చెయ్యి. తెరుచుకోని థర్మోస్టాట్ ముందు ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఖాళీగానే ఉంటుంది.

వెనక పెద్ద ఫ్యాను సంగతి. ఫ్యాను, ఆల్టర్నేటరు ఒకే ఇరుసు మీద ఉంటాయి, ఒకే బెల్టుతో తిరుగుతాయి. నడుస్తుండగా బ్యాటరీ ఎర్ర లైటు వెలిగిందంటే బెల్టు తెగి ఉండొచ్చు. బెల్టు తెగితే ఇంజిన్‌కి గాలి లేదు. ఆ క్షణమే ఆపెయ్యి. ఇది నేను ఒక మంచి బండిని పోగొట్టి నేర్చుకున్నది. పని నేర్చుకున్న కొత్తల్లో ఒక కస్టమర్ బీటిల్‌ని ఇంటికి చేరుస్తుంటే లైటు వెలిగింది. చార్జింగ్ కదా, ఇంకో ఎనిమిది కిలోమీటర్లు పోనిద్దాం అనుకున్నాను. ఇల్లు చేరాను, ఇంజిన్ చేరలేదు. హెడ్లు వంగిపోయాయి. ఆ తప్పు పూర్తిగా నాదే. ఇప్పటికీ ఆ లైటు వెలిగితే నా కాలు దానంతటదే ఆక్సిలేటర్ మీంచి లేస్తుంది.

బెల్టు వేలితో నొక్కితే సెంటీమీటరు, సెంటీమీటరున్నర లోపలికి పోవాలి. వదులుగా ఉంటే బిగించడానికి బోల్టు జరపడం ఉండదు. పుల్లీ రెండు చెక్కల మధ్య పలచటి షిమ్ములు, అంటే వాషర్‌లాంటి రేకులు, ఉంటాయి. మధ్యలోంచి ఒకటి తీసి బయటివైపు పెడితే బెల్టు బిగుస్తుంది. తీసినది పారేయకుండా బయటివైపు పెట్టాలి, మొత్తం లెక్క మారకూడదు.

ఫ్యాను డబ్బా లోపలికి టార్చి వేసి చూడు. మన జిల్లాలో షెడ్డులో నిలిపిన బండి, పక్కన వడ్ల బస్తాలు ఉంటే ఎలుకలు కాపురం పెట్టకుండా ఉండవు. ఊక, గుడ్డపీలికలు, గడ్డి అంతా సిలిండర్ల రెక్కల మీదా ఇంజిన్ కూలర్ మీదా చేరుతుంది. పైనుంచి కనపడదు. అనుమానం ఉంటే రేకులు విప్పాల్సిందే. ఇంజిన్ చుట్టూ రేకుకి, బాడీకి మధ్య రబ్బరు బీడింగ్ ఉంటుంది. అది ఎండి ఊడిపోతే కింద సైలెన్సరు దగ్గరి వేడి గాలి పైకి వచ్చి, ఫ్యాను దాన్నే మళ్లీ పీల్చి ఇంజిన్ మీద కొడుతుంది. చవక రబ్బరు ముక్క అది, చాలామంది దాన్ని లెక్కే చేయరు. హీటర్ గొట్టాలు తీసేసి బొక్కలు తెరిచి వదిలేసినా ఫ్యాను గాలి అందులోంచి వృథాగా పోతుంది.

ఇంతవరకూ వేడి బయటికి పోకపోవడం గురించి చెప్పాను. వేడి ఎక్కువ పుట్టడం గురించి కూడా నీ బండి విషయంలో నాకు అనుమానం ఉంది, ఎందుకో చెబుతాను. 1981 నుంచి 83 దాకా యూరప్‌కి వచ్చిన ఎస్సీ 204 హార్స్ పవర్ ఇంజిన్, కంప్రెషన్ 9.8. కంపెనీ దానికి 98 ఆక్టేన్ పెట్రోల్ పోయమంది. ఆక్టేన్ ఎంత ఎక్కువుంటే ఇంజిన్ అంత కటకట కొట్టకుండా ఉంటుంది. మన బంకుల్లో 91 ఆక్టేన్ దొరికే రోజుల్లో ఆ బండి ఇక్కడ తిరిగి ఉంటే, యాక్సిలరేషన్ ఇవ్వగానే కటకట కొట్టి ఉంటుంది. ఎవరో ఒక మెకానిక్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తిప్పి కటకట ఆపి ఉంటాడు. కటకట ఆగుతుంది, కానీ నిప్పురవ్వ ఆలస్యంగా పడితే మంట పిస్టన్‌ని తోసే పని పూర్తి చేయకుండానే ఎగ్జాస్ట్ వాల్వు దాటి పోతుంది. హెడ్లు కాగుతాయి, ఆ వేడంతా ఆయిల్ మోయాలి. దానికి తోడు ఆరేళ్లు నిలబడితే డిస్ట్రిబ్యూటర్ లోపల గ్రీజు గట్టిపడి బరువులు కదలవు. ఐడిల్‌లో టైమింగ్ కరెక్టుగా చూపించి, స్పీడులో అడ్వాన్స్ కాకుండా, అంటే నిప్పురవ్వ ఇంకా ముందుగా పడకుండా, అక్కడే ఉండిపోతుంది. ఊళ్లో బాగుండి హైవే మీద వేడెక్కడానికి ఇదీ సరిపోయే కారణమే. టైమింగ్ లైటు పుల్లీ మీద వేసి ఆక్సిలేటర్ ఇస్తూ చూడు. గుర్తు జరగాలి. జరగకపోతే డిస్ట్రిబ్యూటర్ విప్పి కడిగించాలి. ఎంత డిగ్రీలు పెట్టాలన్నది నీ ఇంజిన్ నంబరుకి మాన్యువల్‌లో ఎంతుందో అంతే, ఎవరో చెవితో విని పెట్టింది కాదు.

రెండోది మిక్చరు. ఇప్పుడు బంకుల్లో మామూలుగా పోసేది ఈ20 పెట్రోలే, అంటే ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిపింది. కిలో పెట్రోల్ కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. పాత పెట్రోల్‌కి సెట్ చేసిన బండిలో ఈ20 పోస్తే గాలి ఎక్కువైపోయి మిక్చరు పలచబడుతుంది. కొత్త బండ్లలో ఆక్సిజన్ సెన్సార్ చూసుకుని కంప్యూటర్ సరిచేస్తుంది. నీ యూరప్ ఎస్సీలో పెట్రోల్ అందించేది కే-జెట్రానిక్ అనే పాత మెకానికల్ ఇంజెక్షన్, దానికి అలా చూసుకునే సెన్సార్ లేదు. పైగా పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి పగులుతాయి, అక్కడ గాలి లోపలికి లీకయి ఇంకా పలచబడుతుంది. గాలి లీకు ఉందేమో చూడటానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఐడిల్‌లో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయి. ఇంజిన్ తడబడాలి, ఆగిపోబోవాలి. మూత తీసినా తేడా ఏమీ లేకపోతే ఎక్కడో ముందే గాలి తాగుతోంది. అది సరిచేశాక పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాన్ దగ్గరికి పోయి పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) రీడింగ్ చూపించమని అడుగు, మిక్చరు ఎలా ఉందో అది చెబుతుంది. సర్టిఫికెట్ కాదు, స్క్రీన్ మీది అంకె నీకు కావాల్సింది. దాన్ని మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చి, మిక్చరు స్క్రూని 3 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో వెంట్రుకవాసి తిప్పితే చాలు. పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునేవి మార్పించు. ఇది వేడి గురించి మాత్రమే కాదు, వెనక పైపు పగిలి పెట్రోల్ ఇంజిన్ మీద పడితే బండే మిగలదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వేడెక్కుతుంటే అడుగున ఉన్న సంప్ జల్లెడ విప్పి చూడాలి. జల్లెడ మూసుకుంటే తోడే పంపు ఆయిల్‌ని పూర్తిగా తోడలేదు. ఆయిల్ కిందే నిలిచి క్రాంక్ దాన్ని చిలుకుతూ వేడెక్కిస్తుంది. జల్లెడలో రబ్బరు, గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయా, లోహం మెరుపు ఉందా చూసి ఫొటో తీసి పంపు. బాగా కాగాక ఆయిల్ ప్రెషర్ కూడా రాసి పెట్టు. 5000 ఆర్‌పీఎం దగ్గర నాలుగున్నర, అయిదు బార్ ఉంటే బేరింగుల గురించి టెన్షన్ పడొద్దు.

నువ్వు ఎంత వేడి దాకా పర్లేదు అని అడిగావు. 85 నుంచి 105 దాకా దీనికి మామూలే. మే నెలలో 43 డిగ్రీల ఎండలో 110 చూపించి అక్కడే నిలబడితే నేను కంగారు పడను, స్పీడు తగ్గించుకుంటాను. 120 దాటి ఇంకా ఎక్కుతుంటే ఆపెయ్యాలి. టీ తాగడానికి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ముల్లు ఇంతకుముందు కంటే పైన ఉంటుంది. ఆగిన ఇంజిన్‌లో వేడి అలాగే నిలిచిపోవడం వల్ల అది, రెండు కిలోమీటర్లు పోయాక దిగుతుంది. ఎండలో పెద్ద గేరు వేసి 1800 ఆర్‌పీఎం మీద ఈడ్చొద్దు. ఇంజిన్ మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. ఒక గేరు తగ్గించి 3000 పైన ఉంచు. మీటరు చూస్తే భయమేస్తుందేమో గానీ ఇంజిన్‌కి అదే హాయి.

ఆదివారం పొద్దున ఎర్తు వైర్లు గీకి బిగించి, ముందు పైపులకి టేపులు అంటించుకుని కావలి దాకా పోయి రా. ముందు కూలర్‌కి వచ్చే పైపు ఎంత, పోయే పైపు ఎంత, థర్మోస్టాట్‌కి అటూ ఇటూ ఎంత, ఆ సమయానికి బయటి ఎండ ఎంత. ఈ అయిదు అంకెలు నాకు రాయి. టైమింగ్ లైటు నీ దగ్గర లేకపోతే నా దగ్గరిది తీసుకుపో, ఆటోనగర్‌లోనే ఉంటాను.